గురువారం నాలుగున్నర

చిత్తూరు బస్సు దిగి
ఆటో మాట్లాడకుండా నడిచే వెళ్తాను.
బైరాగిపట్టెడలో మందుల షాపు మీద మిద్దె.
పద్దెనిమిది మెట్లు. ఎక్కేటప్పుడు ఇరవై రెండనిపిస్తాయి.

మొదటి రోజు కుర్చీలో కూర్చోకముందే
క్షమించమని అడిగాను, దేనికో.
నీరజాక్షి మేడం ముందు
ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన మామిడి గుజ్జు డబ్బా పెట్టాను.
తీసుకోలేదు, వద్దనలేదు.
"ఉత్త చేతుల్తో వస్తే ఏమవుతుందనిపించింది?" అంది.
ఫ్యాను తిరుగుతూనే ఉంది.

దామోదరం నన్నెప్పుడూ కొట్టలేదు.
అందుకే ఎవరికీ చూపించడానికి ఏమీ లేకపోయింది.
మాట మానేసేవాడు, అంతే.
కూరలో ఉప్పెక్కువైతే నాలుగు రోజులు,
మా అక్కతో ఫోన్లో గట్టిగా నవ్వితే పదకొండు.
ఒకసారి ఆడికృత్తిక నుంచి వినాయక చవితి దాకా.
తాళం చెవుల చప్పుడులో
ఆ పూట ఎండో వానో వినేదాన్ని.

విడిపోయి మూడేళ్ళు.
ఐనా పక్కింటి గేటు గొళ్ళెం పడితే
నా చేతిలో గరిటె ఆగిపోతుంది.

మేడం కూడా పెద్దగా మాట్లాడదు.
అది తన పద్ధతని మొదటి వారమే చెప్పింది.
ఐనా ఆమె పెన్ను కింద పెడితే చాలు,
నాలో ఎవరో లేచి నిలబడతారు.
తిన్నారా మేడం,
చీర బాగుంది మేడం,
ఎండలు మండిపోతున్నాయి కదా మేడం.
ఐదు నెలలు ఆమె మౌనాన్ని
చాటలో బియ్యం మాదిరి ముందేసుకుని
రాళ్ళేరుతూ కూర్చున్నాను.

జూన్‌లో రెండు వారాలు సెలవు పెట్టింది.
తిరిగొచ్చి, ఎదురుగా కూర్చుని, ఎప్పటి మాదిరే ఊరకుంది.
అరిచాను.
"ఏదో ఒకటి మాట్లాడండి! ఏటికి ఇట్లా చంపతారు మనిషిని!"
కింద మందుల షాపు దాకా వినపడే ఉంటుంది.
ఆమె లేచి పోలేదు.
ముఖం తిప్పుకోలేదు.
కొంచెం ముందుకు వంగి అడిగింది,
"ఈ మాట ముందు ఎవరితో అనాల్సింది?"

దామోదరం అనబోయాను.
నోట్లోంచి నాయన అని వచ్చింది.

ఐరాల దగ్గర ఊరు, రేకుల వసారా.
గోడకానుకుని నాయన, పొయ్యి ముందర అమ్మ.
మధ్యన మూడడుగులు. ఆ మూడడుగులకు నేను తపాలా.
నాయనా, అమ్మ అన్నం తినమంటాంది.
వద్దని చెప్పు మీయమ్మకు.
అమ్మా, ఆకలి లేదంట.
ఏడేళ్ళ పిల్ల, చేతిలో నీళ్ళ చెంబు.
ఏ మాటకు ఇల్లు కూలుతుందో తెలియక
ప్రతి మాటకూ రవంత బెల్లం పూసి మోసేది.

ఫ్యాక్టరీలో నా పని తోతాపురి కోసి చూడటం.
పైన మచ్చ ఉండదు. రంగు, బరువు, వాసన, అన్నీ సరే.
టెంక చీలిస్తే లోపల పురుగు.
పిందె గోలీకాయంత ఉన్నప్పుడే దూరి ఉంటుంది.
దూరిన చోట తొక్క కప్పుకుని
కాయ తన పాటికి తాను పెరుగుతుంది.
పదిహేనేళ్ళుగా కోస్తున్నాను, తట్టలేదు.
ఆ రోజు బస్సులో నవ్వొచ్చింది.
తర్వాత పాకాల దాకా ఏడుపు.

ఒక్కోసారి మిద్దె దిగితే టీ కొట్టు దగ్గర
కొండ దిగొచ్చిన వాళ్ళు,
గంధం పూసిన కొత్త గుండ్లను
ఇంకెవరివో మాదిరి తడుముకుంటా ఉంటారు.
కొన్ని గురువారాలు నాకూ అంతే.
గాలి ఎప్పుడూ తగలని చోట తగులుతుంది,
మండుతుంది కూడా.

ఆ పిల్ల ఎక్కడికీ పోలేదు.
మొన్న అమ్మ ఫోన్ చేసి
"మీ నాయనకు చెప్పు, మాత్ర యేసుకోమని" అంటే
చెంబు పట్టుకుని అప్పుడే లేచింది.
"పక్కనే ఉండాడు కదమ్మా, నువ్వే చెప్పు" అన్నాను.
అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు.
చెయ్యి వణికింది.
ఫోన్ పెట్టెయ్యలేదు.

ఈ వారం చంద్రగిరి దగ్గర బస్సు నిలిచిపోయి
పావుగంట ఆలస్యం.
తలుపు తీసి, వెళ్ళి కూర్చున్నాను.
క్షమించమనలేదు.
ఆమె గమనించింది,
గమనించిందని నాకు తెలిసింది.
కిటికీలో కొండ మీదికి మబ్బు దిగుతా ఉంది.
ఇద్దరం
కాసేపు ఊరికే ఉన్నాం.